నడక ఎక్కడ నాట్యమవుతుందో అక్కడ చూడండి

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. పాత హాలీవుడ్ మ్యూజికల్స్‌లోని డాన్సుల్ని జనం ఇప్పటికీ అంతగా ఎందుకు మెచ్చుకుంటారన్నది ఒకటి. ఇప్పుడు మన హీరోలు వేసే స్టెప్పులు వాటికంటే కష్టం కదా అన్నది రెండోది. పాట రాగానే కథ ఆగిపోతోందే అన్నది మూడోది. రెండు సినిమాలు సగం సగం చూసి వదిలేశానని కూడా రాశారు.

నేను సినిమా ఎడిటింగ్‌లో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాను. మూవియోలా అనే ఎడిటింగ్ యంత్రం మీద పాజిటివ్ ప్రింటు కోసి టేపు అంటించిన రోజుల నుంచి కంప్యూటర్లో ఏవిడ్ దాకా చూశాను. నా చేతి మీదుగా వెళ్ళినవాటిలో ఎక్కువ భాగం పాటలే. అందుకని ఈ డాన్సుల్ని చూసేటప్పుడు స్టెప్పు ఎంత కష్టమో అన్నదాని కంటే ముందు, కట్ ఎక్కడ పడిందో చూస్తాను. జవాబు కూడా అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

ఒకసారి ఒక పాటలో హీరోకి రెండు ఎయిట్ కౌంట్ల (ఎనిమిదేసి లెక్కల) బిట్ ఒకటి ఎంతకీ కుదరలేదు. డాన్స్ మాస్టర్ ఉదయం నుంచి మధ్యాహ్నం భోజనం వేళ దాకా ప్రయత్నించి, చివరికి ముక్కలు ముక్కలుగా తీసి పంపారు. దాన్ని నేను పదకొండు షాట్లుగా కట్ చేశాను. కాలు, భుజం, జుట్టు, వెనక గ్రూపు, మళ్ళీ కాలు, కిందనుంచి లేచిన దుమ్ము. థియేటర్లో ఆ బిట్‌కి విజిల్స్ పడ్డాయి. ఆ కాలు మాత్రం హీరోది కాదు, అసిస్టెంట్ మాస్టర్‌ది. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు, అది మా పని. కానీ ఆ రాత్రి ఇంటికి వెళ్ళి నేను 1935 నాటి హాలీవుడ్ మ్యూజికల్ ‘టాప్ హ్యాట్’ పెట్టుకుని చూశాను. అంతకుముందూ చూశాను కానీ, ఆ రోజు చూసింది వేరు. మనిషి తల నుంచి పాదం దాకా ఫ్రేములో ఉన్నాడు. కెమెరా అతని వెంట నిదానంగా జరుగుతోంది. కట్ పడుతుందని నా చెయ్యి ఎదురుచూస్తోంది, పడటం లేదు. అతను చేస్తున్న ప్రతిదీ అతనే చేస్తున్నాడు, ఒకే ఊపిరిలో, నా కళ్ళముందు.

ఇదేదో యాదృచ్ఛికంగా వచ్చింది కాదండీ. ఆ సినిమా హీరో ఫ్రెడ్ ఆస్టైర్ పట్టుబట్టి సాధించుకున్నది. 1899లో అమెరికాలోని ఒమాహాలో పుట్టాడు. చిన్నప్పటినుంచీ అక్క అడెల్‌తో కలిసి స్టేజి మీద పెరిగాడు. ఆవిడ పెళ్ళి చేసుకుని రంగస్థలం వదిలేశాక హాలీవుడ్‌కి వచ్చాడు. అప్పటికి సినిమాల్లో డాన్సు తీసే పద్ధతి ఎలా ఉండేదంటే, మనిషి కాలు కదిపితే ముఖం క్లోజు, తిరిగితే చూస్తున్న జనం రియాక్షను, మధ్యలో పాదాలు. ఆస్టైర్ దానికి ఒప్పుకోలేదు. శరీరం మొత్తం కనబడాలి, వీలైనంత తక్కువ కట్‌లు ఉండాలి, డాన్సు మధ్యలో వేరేవాళ్ళ ముఖాలు చూపించకూడదు. ఆర్‌కేఓ స్టూడియోలో అతని కోసం కెమెరాని నేలకి దగ్గరగా, పక్కకి జరిగే బండి మీద పెట్టి తీసేవాళ్ళు. షూటింగుకి ముందు వారాల తరబడి రిహార్సల్స్. డాన్స్ డైరెక్టర్ హెర్మీస్ పాన్, ఆస్టైర్ కలిసి ఒక గదిలో స్టెప్పులు కట్టేవాళ్ళు. హీరోయిన్ జింజర్ రోజర్స్ వచ్చేదాకా ఆమె భాగాన్ని పాన్ వేసేవాడు, తర్వాత ఆమెకి నేర్పేవాడు. కాబట్టి తెర మీద మనం చూసే మూడు నిమిషాల వెనక నెలన్నర చెమట ఉంటుంది. అయినా ఒక్క చెమటచుక్క కనబడదు. ఆ తేలికదనాన్ని చూసి మీరు ‘సులువు’ అనుకున్నారేమోనని నా అనుమానం.

‘టాప్ హ్యాట్’లో ఒక పాట గురించి కాస్త వివరంగా చెబుతాను, నా ఉద్దేశం అప్పుడు బాగా తెలుస్తుంది. లండన్ పార్కు. గుర్రపు స్వారీకి వచ్చిన రోజర్స్ వానకి ఒక బ్యాండ్‌స్టాండ్ కింద చేరుతుంది. అంటే చుట్టూ తెరిచి, పైన కప్పున్న మండపం లాంటిది. స్వారీ బట్టల్లో ఉంది, ప్యాంటు తొడుక్కుంది. అతనూ అక్కడికే చేరతాడు. ఆమెకి అతనంటే చిరాకు, వెంటపడుతున్నాడని. అతను పాడతాడు. ఆమె అటు తిరిగి కూర్చుంటుంది. అతనికి ఆమె వీపు కనబడుతోంది, మనకి ముఖం కనబడుతోంది. ఆ ముఖంలో బిగువు సడలడం అతనికి తెలియదు, మనకి తెలుసు. పాట అయిపోయాక అతను ఈల వేసుకుంటూ ఊరికే నడుస్తాడు. ఆమె లేచి, అతని వెనకే, అచ్చం అతనిలా నడుస్తుంది. వెక్కిరింపు. అతను చిన్న అడుగు ఒకటి వేస్తాడు. ఆమె దాన్నే తిప్పి కొడుతుంది. అతను ఇంకొంచెం కష్టమైంది వేస్తాడు. ఆమె వేస్తుంది. పక్కపక్కనే ఉన్నారు, ఒకరినొకరు ముట్టుకోలేదు. ఉరుము ఉరుముతుంది, నడక జోరందుకుంటుంది, ఇద్దరూ మండపమంతా చుట్టేస్తారు. చివరికి గట్టు మీద కూర్చుని చేతులు కలుపుకుంటారు, కొత్తగా పరిచయమైనవాళ్ళలా.

ఇందులో అతను వెంటపడటం ఎక్కడ ఆగింది, ఆమె సమానంగా నిలబడటం ఎక్కడ మొదలైంది, చిరాకు ఎక్కడ ఇష్టమైంది? ఒక్క డైలాగు లేదు. ఆ రెండు నిమిషాలు తీసేస్తే సినిమాలో వాళ్ళ ప్రేమే లేదు. అందుకని మీ మూడో ముక్కకి నా జవాబు: మంచి మ్యూజికల్‌లో పాట రాగానే కథ ఆగదు, మాటలు ఆగుతాయి. కథ కాళ్ళ మీదికి దిగుతుంది.

మన దగ్గర దీనికి చక్కటి మాటలున్నాయి. కూచిపూడి నేర్చుకున్న పిల్లలకి కూడా తెలుసు, అర్థంతో పనిలేకుండా లయ కోసం ఆడేది నృత్తం, భావం చెప్పడానికి ముఖంతో చేతులతో చేసేది అభినయం. ఆస్టైర్ చేసిన టాప్ డాన్సు (బూటు అడుగున రేకులతో నేల మీద తాళం పలికిస్తూ ఆడేది) పైకి చూస్తే పూర్తిగా నృత్తం. ముద్రలు లేవు, పదానికి అర్థం పట్టే చెయ్యి లేదు. కానీ ఆ నృత్తంతోనే అభినయం చేయించాడు. అదే సినిమాలో మొదట్లో, హోటల్లో పైగదిలో అతను ఉత్సాహం పట్టలేక టాప్ చేస్తుంటే కింద గదిలో నిద్రపోతున్న రోజర్స్ లేచి పోట్లాటకి వస్తుంది. ఆమె వెళ్ళిపోయాక అతను నేల మీద ఇసుక చల్లి, దాని మీద మెత్తగా పాదం రాస్తూ ఆడతాడు, కింద ఆమెకి జోల పాడినట్టు. ఆమె నిద్రలోకి జారుతుంది. చెప్పు అడుగున ఇసుక రాపిడి శబ్దంతో ఒక మనిషి క్షమాపణా చెప్పాడు, ముద్దూ చేశాడు. ఇంత చిన్న ఊహలో అంత ప్రేమ ఉన్న దృశ్యం నా వృత్తిలో నాకు ఇంకొకటి తగల్లేదు.

రోజర్స్ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. ఆస్టైర్ తర్వాత రోజుల్లో ఆమెకంటే గొప్ప శిక్షణ ఉన్నవాళ్ళతో ఆడాడు. కానీ ఆడుతున్నంతసేపూ ఆ పాత్రగానే ఉండటం, అతను చేస్తున్నది ఇప్పుడే మొదటిసారి జరుగుతున్నట్టు చూడటం ఆమెకి వచ్చినట్టు మరొకరికి రాలేదని నా నమ్మకం. 1936లో వచ్చిన ‘స్వింగ్ టైమ్’ చివర్లో విడిపోయే ఘట్టంలో ఒక డాన్సుంది. ఇద్దరూ నిశ్శబ్దంగా నడుస్తారు, నడక మెల్లగా డాన్సవుతుంది, రెండువైపులా మెట్లెక్కి పైకి వెళ్తారు, ఆమె గిరగిరా తిరుగుతూ అతని చేతుల్లోంచి జారి వెళ్ళిపోతుంది. ఆ చివరి భాగం 47 సార్లు తీశారని చెబుతారు. రాత్రి పొద్దుపోయేసరికి ఆమె బూట్లలో నెత్తురు నిండింది. తెర మీద మాత్రం వెళ్ళిపోతున్న మనిషే కనబడుతుంది, పాదాల నొప్పి కనబడదు.

ఇదంతా ఒక దారి. దీనికి పూర్తిగా ఎదురుదారి డాన్స్ డైరెక్టర్ బస్బీ బర్క్‌లీది. మీరు సగంలో వదిలేసిన రెండిట్లో ఒకటి ఆయనది కాబట్టి చెబుతున్నాను. ఆయన డాన్సు నేర్చుకున్న మనిషి కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో అధికారిగా ఉండి కవాతులు నడిపించాడు. 1933లో వార్నర్ బ్రదర్స్‌కి వరసగా ‘ఫార్టీ సెకండ్ స్ట్రీట్’, ‘గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ 1933’, ‘ఫుట్‌లైట్ పరేడ్’ పాటలు తీశాడు. కెమెరాని పైకప్పు దగ్గరికి తీసుకెళ్ళి నిట్టనిలువుగా కిందికి చూపించాడు. పదుల మంది అమ్మాయిలు పువ్వులా విచ్చుకుంటారు, చక్రంలా తిరుగుతారు, ముడుచుకుంటారు. పండగ రోజు పెద్ద ముగ్గు వేస్తున్నప్పుడు మేడ మీదినుంచి చూస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి, ఆ చుక్కలూ గీతలూ మనుషులైతే ఎలా ఉంటుందో అలా. అక్కడ ఒక్కొక్కరి డాన్సు ఏమీ ఉండదు. డాన్సు చేసేది కెమెరా.

ఆ ఏడాది అమెరికాలో శ్రామికుల్లో దాదాపు నాలుగో వంతుకి ఉద్యోగం లేదు. బ్యాంకులు మూతపడ్డాయి. అలాంటి జనం టికెట్టు కొనుక్కుని చీకట్లో కూర్చుని, అన్నీ ఒక క్రమంలో ఉన్న, ఎవరూ విడిగా పడిపోని లోకాన్ని కాసేపు చూశారు. దాన్ని కేవలం పలాయనం అంటే నేను ఒప్పుకోను. ఎందుకంటే ‘గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ 1933’ చివరి పాట యుద్ధం నుంచి తిరిగొచ్చి ఉచిత భోజనం కోసం వరసలో నిలబడ్డ సైనికుల గురించి. డబ్బులో మునిగితేలే పాటతో మొదలైన సినిమా ఆ వరసతో ముగుస్తుంది. కవాతు చేస్తూ వెళ్ళినవాళ్ళే గాయాలతో వెనక్కి రావడం, అదే లయలో, అదే వరసలో. బర్క్‌లీ పాటలన్నిటిలో దాన్నొక్కదాన్నైనా చివరిదాకా చూడమని అడుగుతున్నాను.

ఇక జీన్ కెల్లీ. 1912లో పిట్స్‌బర్గ్‌లో పుట్టాడు. ఆస్టైర్ గాలిలో తేలితే కెల్లీ నేలని గట్టిగా తొక్కుతాడు. కండలు, పొట్టి చేతుల చొక్కా, పాదం కనబడేలా తెల్ల సాక్సులు. అతను కెమెరాని నిలబెట్టి దాని ముందు ఆడలేదు, దాన్నీ తనతో తీసుకెళ్ళాడు. 1952 నాటి ‘సింగిన్ ఇన్ ద రెయిన్’లో వాన పాట అందరికీ తెలుసు కాబట్టి, తెలిసినదాన్నే దగ్గరగా చూద్దాం. స్టాన్లీ డోనెన్‌తో కలిసి కెల్లీయే దర్శకుడు.

ప్రియురాలిని ఇంటి గుమ్మం దగ్గర దించి, ముద్దు పెట్టి, కారుని పంపించేస్తాడు. గొడుగు ఉంది. నాలుగడుగులు గొడుగు కిందే నడుస్తాడు, ఏదో కూనిరాగం తీస్తూ. తర్వాత గొడుగు మూసేస్తాడు. నా దృష్టిలో పాట మొత్తానికి ముఖ్యమైన స్టెప్పు అదే. వానలో గొడుగు మూయడానికి ఏ డాన్సు క్లాసూ అక్కర్లేదు. ఆ పని మీరూ చేయగలరు, నేనూ చేయగలను. ఆ తర్వాత దీపస్తంభం ఎక్కుతాడు, గొడుగుని గిటారులా పట్టుకుంటాడు, చూరు గొట్టం నీళ్ళ కింద ముఖం పెడతాడు, ఒక కాలు పేవ్‌మెంటు మీద ఒక కాలు కాలవలో పెట్టి కుంటుతూ నడుస్తాడు. గొడుగు చాచి వీధంతా చుట్టేస్తున్నప్పుడు కెమెరా క్రేను మీద వెనక్కీ పైకీ లేస్తుంది, చూసేవాళ్ళ గుండె కూడా దానితో లేస్తుంది. సరిగ్గా అక్కణ్ణుంచి, కిందికి దిగి, బురదనీళ్ళలో దబదబా గెంతుతాడు. అది డాన్సు కాదు, స్కూలు వదిలాక పిల్లాడు చేసే పని. పోలీసు వచ్చి నిలబడేసరికి సిగ్గుపడి ఆగుతాడు, వెళ్తూ వెళ్తూ దారిన పోయే మనిషి చేతిలో గొడుగు పెట్టేస్తాడు.

నడక, గొడుగు మూయడం, చిన్న చిందు, పెద్ద డాన్సు, పిల్లాడి గెంతులు, మళ్ళీ నడక. ఎక్కడా అతుకు కనబడదు. మన స్థాయిలో మొదలుపెట్టి, మనం అందుకోలేని చోటికి మనకి తెలియకుండా తీసుకెళ్ళి, మళ్ళీ జాగ్రత్తగా మన పక్కన దింపుతాడు. పాత మ్యూజికల్స్ ఆకర్షణ ఏమిటని అడిగితే నేను చూపించేది ఈ కనబడని అతుకునే. నడక ఏ క్షణాన నాట్యమైందో వేలు పెట్టి చెప్పలేకపోవడం.

ఆ తేలికదనం కోసం పడ్డ పాట్లు కూడా వినండి. అది ఎంజీఎం స్టూడియో ఆవరణలో వేసిన వీధి. పగలు తీశారు. రాత్రిలా కనబడటానికి వీధి మీద నల్లటి టార్పాలిన్లు కప్పారు. నీళ్ళ మడుగులు ఎక్కడపడితే అక్కడ ఏర్పడినవి కావు, ఏ అడుగు దగ్గర నీళ్ళు చిందాలో చూసి అక్కడ గుంటలు తవ్వారు. వానచినుకు కెమెరాకి కనబడాలంటే వెనకనుంచి లైటు పడాలి. మన దగ్గర వాన సీన్లకి బ్యాక్ లైటు పెట్టేది కూడా అందుకే. నీళ్ళలో పాలు కలిపారన్న కథ ఒకటి తిరుగుతుంటుంది, నమ్మకండి, ఆ పని చేసింది లైటే. ఆ రోజు కెల్లీకి 103 డిగ్రీల జ్వరం. ఉన్ని సూటు తడిసి కుంచించుకుపోతోంది. అదే సినిమాలో 19 ఏళ్ళ డెబ్బీ రేనాల్డ్స్, అంతకుముందు డాన్సు తెలియని పిల్ల, ‘గుడ్ మార్నింగ్’ పాట తీసిన రోజు రాత్రికి పాదాలు నెత్తురోడేదాకా ఆడింది. కెల్లీ, డొనాల్డ్ ఓకానర్ లాంటి ఇద్దరు పక్కన నిలబడి ఆమె తగ్గకుండా ఆడటం చూస్తే ఇప్పటికీ నాకు గౌరవం కలుగుతుంది.

ఇంకో సాంకేతిక విషయం, మనవాళ్ళకి ఆసక్తిగా ఉంటుంది. ఈ పాటల్లో ఎక్కువ భాగం ముందే రికార్డు చేసి, సెట్లో మోగించి, దానికి ఆడి తీసినవే. 1929లో విడుదలైన ‘ద బ్రాడ్‌వే మెలొడీ’ని ఎంజీఎం తీస్తూ ఒక పాట నచ్చక మళ్ళీ చిత్రీకరించాల్సి వచ్చినప్పుడు, ఉన్న రికార్డింగునే మోగించి బొమ్మ మాత్రం కొత్తగా తీశారు. మన సినిమా పాట నడిచేదీ ఆ పద్ధతి మీదే. టాప్ శబ్దం మాత్రం తర్వాత విడిగా పట్టేవాళ్ళు. డాన్సరు తన బొమ్మని తెర మీద చూసుకుంటూ చెక్క మీద మళ్ళీ అదే అడుగు వేయాలి. అంటే ఒక్కో డాన్సు రెండుసార్లు పుట్టేది, ఒకసారి కంటికి, ఒకసారి చెవికి. డబ్బింగ్ థియేటర్లో కూర్చున్న ఎవరినడిగినా అది ఎంత కష్టమో చెబుతారు.

మీ రెండో ప్రశ్నకి వస్తాను. ఇప్పటి స్టెప్పులు కష్టమైనవే, ఆ మాటతో నాకు పేచీ లేదు. మన గ్రూప్ డాన్సర్లు చేసే ఫ్లోర్ మూవ్‌మెంట్లు ఆస్టైర్ ఎప్పుడూ చేయలేదు. కానీ కష్టం అన్న కొలతతోనే చూడాలంటే 1943లో వచ్చిన ‘స్టార్మీ వెదర్’లో నికొలస్ బ్రదర్స్‌ని చూడండి. ఫేయార్డ్, హెరాల్డ్ అనే అన్నదమ్ములు. క్యాబ్ క్యాలొవే బ్యాండు వాయిస్తుంటే వాద్యగాళ్ళ ముందున్న స్టాండ్ల మీద ఒకదాని మీదినుంచి ఒకదాని మీదికి దూకుతారు. ఆ తర్వాత పెద్ద మెట్ల వరస. ఒకడి తల మీదినుంచి ఒకడు దూకి, కింద మెట్టు మీద రెండు కాళ్ళూ చాచి నేలకి ఆనేలా పడి, చెయ్యి ఆనించకుండా లేస్తాడు. వెంటనే రెండోవాడు. అలా చివరి మెట్టు దాకా. రిహార్సల్ లేకుండా మొదటి టేకులోనే అయిపోయిందని వాళ్ళే చెప్పారు. ఆస్టైర్ అంతటివాడు దాన్ని తాను చూసిన మ్యూజికల్ నంబర్లన్నిటిలో గొప్పదన్నాడు. నేను దాన్ని ఫ్రేము ఫ్రేముగా జరిపి చూశాను, మోసం చేయడానికి వీలున్న చోటు ఒక్కటీ దొరకలేదు.

ఇంతటివాళ్ళకి హాలీవుడ్ ఏమిచ్చింది? నల్లవాళ్ళు కాబట్టి కథలో పాత్ర ఇవ్వలేదు. తెల్లవాళ్ళ సినిమాల్లో వాళ్ళ డాన్సుని విడిగా, కథతో ముడి లేకుండా పెట్టేవాళ్ళు. వర్ణవివక్ష ఉన్న అమెరికా దక్షిణ రాష్ట్రాల థియేటర్లలో ఆ రీలు ముక్క కోసేసినా సినిమా తెగకూడదని. నల్లజాతి గాయని లీనా హార్న్ పాటలదీ అదే గతి. ఎడిటర్‌గా ఇది నన్ను అన్నిటికంటే బాధపెట్టే విషయం. కత్తెర పడటానికి వీలుగా ముందే గీత గీసి మనిషిని ఫ్రేములో నిలబెట్టడం. నేను పైన అంత మెచ్చుకున్న ‘స్వింగ్ టైమ్’లో కూడా ఆస్టైర్ ముఖానికి నల్లరంగు పూసుకుని ఆడే పాట ఒకటుంది. తాను అభిమానించిన నల్లజాతి టాప్ కళాకారుల మీద గౌరవంతో చేశానని అతను అనుకుని ఉండొచ్చు, కానీ చూస్తుంటే మనసు ఒప్పుకోదు. టాప్ అనే కళే బానిసత్వంలో మగ్గిన ఆఫ్రికన్ల అడుగులూ, ఐర్లండ్ నుంచి వలసొచ్చినవాళ్ళ అడుగులూ కలిసి పుట్టింది. ఆ బాకీ గుర్తుంచుకునే ఈ సినిమాలు చూడాలి.

కథ ఆగిపోతుందన్న మీ ఫిర్యాదు పూర్తిగా తప్పు కూడా కాదు. 1951 నాటి ‘యాన్ అమెరికన్ ఇన్ పారిస్’ చివర్లో 17 నిమిషాల బ్యాలే ఉంది. ఫ్రెంచి చిత్రకారుల రంగుల్లో సెట్లు వేశారు. ఆ ఏటి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ కూడా వచ్చింది. దాని రంగులకి నేను దణ్ణం పెడతాను, కానీ నాకు పదో నిమిషం దగ్గర మనసు పక్కకి పోతుంది. అక్కడ మనుషుల మధ్య ఏమీ మారటం లేదు. మీరు దానితో మొదలుపెట్టి ఉంటే వదిలేయడంలో ఆశ్చర్యం లేదు.

దానికి బదులు 1953 నాటి ‘ద బ్యాండ్ వ్యాగన్’ తీసుకోండి, దీని దర్శకుడూ ఆ పారిస్ సినిమా తీసిన విన్సెంట్ మినెల్లీయే. ఆస్టైర్‌కి అప్పటికి 54 ఏళ్ళు. కథలో కూడా వెలుగు తగ్గిన పాత సినిమా డాన్సరే. సిడ్ చరిస్సే బ్యాలే నర్తకి. చిన్నప్పుడు పోలియో వస్తే కాళ్ళకి బలం రావాలని డాన్సులో చేర్పించారు ఆమెని. కథలో ఇద్దరికీ ఒకరంటే ఒకరికి భయం. నేను ముసలివాణ్ణయిపోయానని అతనికి, నాది వేరే పద్ధతి, ఇతనితో కుదరదని ఆమెకి. అసలు మనం కలిసి ఆడగలమా అన్నదే వాళ్ళ ప్రశ్న. గుర్రబ్బండెక్కి సెంట్రల్ పార్కుకి వెళ్తారు. అది కూడా స్టూడియోలో వేసిన పార్కే. మామూలు జనం జంటలుగా ఆడుకుంటున్న చోటు దాటి, ఖాళీ జాగాలోకి నడుస్తారు. మాట లేదు, పాడేవాళ్ళు లేరు, సంగీతం ఒక్కటే. ఆమెది కుచ్చుల తెల్ల గౌను, మడమెత్తు లేని చెప్పులు.

నడుస్తూ నడుస్తూ ఆమె ఒక్క అడుగులో కొంచెం ఊగుతుంది, అంతే, మళ్ళీ నడక. అతను ఒక చుట్టు తిరుగుతాడు, మళ్ళీ నడక. ఇద్దరూ ఒకరి వైపు ఒకరు చూసుకోరు. చీకట్లో మెట్టు ఉందో లేదో కాలితో తడిమి చూసుకున్నట్టుంటుంది అది. తర్వాత ఒకేసారి ఇద్దరూ ఒకే అడుగు వేస్తారు. కుదిరింది. అక్కణ్ణుంచి డాన్సు విరబూస్తుంది, గౌను అంచు గాలికి లేస్తుంది, అతను ఆమె బరువుని తీసుకుంటాడు. చివర్లో మెట్లెక్కుతూ, తిరుగుతూ, అదే ఊపులో గుర్రబ్బండిలోకి ఎక్కి కూర్చుంటారు. డాన్సు ఎక్కడ ఆగిందో తెలియదు, చూసేసరికి ఇద్దరూ వెనక్కి వాలి చేయి చేయి పట్టుకుని ఉంటారు. ప్రశ్నకి జవాబు దొరికింది, ఎవరూ నోరు తెరవలేదు. నేను ఈ మూడు నిమిషాల్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అసిస్టెంట్లుగా చేరిన పిల్లలందరికీ మొదటి వారంలోనే ఇది చూపించేవాణ్ణి, కట్ ఎక్కడెక్కడ పడిందో చెప్పమనేవాణ్ణి. చాలామంది లెక్కపెట్టడం మరిచిపోయేవాళ్ళు.

అలాంటివి మళ్ళీ ఎందుకు తీయలేదంటే, ఆ ఏర్పాటే చెదిరిపోయింది. నెల జీతం మీద డాన్సర్లు, సొంత ఆర్కెస్ట్రా, వారాల తరబడి రిహార్సల్ హాలు, ఇవన్నీ ఒకే స్టూడియో గోడల మధ్య ఉన్నప్పుడే సాధ్యం. 1948లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో స్టూడియోలు తమ థియేటర్లని వదులుకోవాల్సి వచ్చింది, అదే సమయంలో టీవీ ఇళ్ళలోకి వచ్చింది. పదేళ్ళలో ఆ జీతాల పద్ధతి ముగిసింది.

కానీ ఆ ఆనందం పోలేదు. ‘ఆర్‌ఆర్‌ఆర్’లో నాటు నాటు పాట గుర్తు చేసుకోండి. 2023 మార్చిలో దానికి ఆస్కార్ వచ్చినప్పుడు అందరూ వేగం గురించి మాట్లాడారు. నాకు కనబడింది ఇంకొకటి. కీవ్‌లోని ఆ భవనం ముందు ఇద్దరు మనుషులు తల నుంచి పాదం దాకా ఫ్రేములో ఉన్నారు, ఒకే తాళానికి ఒకే కోణంలో కాలు లేస్తోంది. పైగా పాట అవమానంతో మొదలై పందెంగా మారుతుంది. చివర్లో భీముడు ఇష్టపడ్డ అమ్మాయి కళ్ళలో సంతోషం చూసి రాముడు కావాలని కింద పడిపోతాడు, స్నేహితుణ్ణి గెలిపించడానికి. ఆ పడటం డైలాగుతో చెప్పగలరా? మీకు ఆ పాట నచ్చి ఉంటే, బ్యాండ్‌స్టాండ్ కింద రోజర్స్ ఆస్టైర్ అడుగుని తిప్పి కొట్టడం కూడా నచ్చుతుంది. రెండూ ఒక ఇంటి బిడ్డలే.

కాబట్టి వరసగా సినిమాలన్నీ చూడాలని పెట్టుకోకండి. ముందు ‘టాప్ హ్యాట్’ వాన పాట, ఆ తర్వాత నికొలస్ బ్రదర్స్ మెట్లు, ఆపైన ‘ద బ్యాండ్ వ్యాగన్’ పార్కు. పార్కు దృశ్యాన్ని మాత్రం సినిమా మొదటినుంచి చూస్తూ రావాలి, వాళ్ళ భయం తెలియకపోతే ఆ నడకకి అర్థం లేదు. ఫోనులో చూడకండి, పాదాలు అగ్గిపుల్లల్లా కనబడతాయి.

ఇంకొక్క జాగ్రత్త. నేను చెప్పిన ఈ పాత హాలీవుడ్ సినిమాలన్నీ దాదాపు చదరంగా ఉండే పాత కొలత ఫ్రేములో తీసినవి. ఇప్పటి వెడల్పు టీవీల్లో తెర నిండటానికి జూమ్ పెట్టి ఉంటుంది, లేదా అప్‌లోడ్ చేసినవాళ్ళే పైనా కిందా కత్తిరించి ఉంటారు. పక్కన నల్ల పట్టీలు వస్తే రానివ్వండి. సెట్టింగ్స్‌లో జూమ్ తీసేసి, ఆస్టైర్ బూటు కింద నాలుగు వేళ్ళ వెడల్పు నేల కనబడుతోందో లేదో చూసుకుని మొదలుపెట్టండి.